కెమెరా కంటే ముందు చెరువుగట్టు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పక్షుల వెంట, పురుగుల వెంట కెమెరాతో తిరిగే పిల్లల గురించి అమ్మానాన్నలు రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఏడాదిగా ఫోన్‌తోనే పక్షుల ఫొటోలు తీస్తున్నాడు. ఇప్పుడు 600 ఎంఎం లెన్సు, దానికి తగ్గ కెమెరా కావాలంటున్నాడు. రెండూ కలిపి లక్షన్నర దాటుతోంది. మేం పెట్టగలిగింది నలభై వేలు. చిన్నది కొంటే డబ్బు వృథా అంటాడు. నిజమేనా?
– ఓ తల్లి, భీమవరం

జవాబు: నిజం కాదు. లెన్సు మీది ఎంఎం అంకె ఎంత పెద్దదైతే దూరపు పక్షి అంత పెద్దగా పడుతుంది. ముందు మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్క వేయించండి. తెల్లరొమ్ము లకుముకి పిట్ట పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. మామూలు క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్) కెమెరాలో బొమ్మ పడే సెన్సర్ ఎత్తు 15 మిల్లీమీటర్లు. 250 ఎంఎం లెన్సుతో 20 మీటర్ల దూరం నుంచి తీస్తే ఆ పిట్ట సెన్సర్ మీద మూడున్నర మిల్లీమీటర్లే పడుతుంది. ఫ్రేములో పావు వంతు కూడా నిండదు. అదే లెన్సుతో 8 మీటర్ల నుంచి తీస్తే దాదాపు తొమ్మిది మిల్లీమీటర్లు, అంటే సగానికి పైనే. 600 ఎంఎం లెన్సుతో 20 మీటర్ల నుంచి తీసినా వచ్చేది ఇంచుమించు అంతే. లక్ష రూపాయల తేడా అంటున్నది ఆ పన్నెండు మీటర్ల గురించే.

ఆ పన్నెండు మీటర్లు నడిచి తగ్గించుకునేవి కావు. నడిస్తే పిట్ట లేచిపోతుంది. లకుముకికి ఇష్టమైన కొమ్మలు, తీగలు రెండో మూడో ఉంటాయి. చేపను పట్టి మళ్లీ అక్కడికే వస్తుంది. మూడు రోజులు కెమెరా లేకుండా వెళ్లి ఏ కొమ్మకు ఎన్నింటికి వస్తోందో రాసుకోమనండి. నాలుగో రోజు అది రాకముందే వెళ్లి, ఎండ వీపు మీద పడేలా, కొమ్మకు ఎనిమిది పది మీటర్ల దూరంలో కింద కూర్చోవాలి. మట్టిరంగు చొక్కా చాలు. కదలకుండా అరగంట కూర్చున్న మనిషిని చాలా పక్షులు పట్టించుకోవు. ఇది నేర్చుకున్న పిల్లవాడికి రేపు 600 ఎంఎం లెన్సు చేతికొస్తే దాని విలువ తెలుస్తుంది. నేర్చుకోకుండా కొంటే చుక్కంత పిట్టల స్థానంలో వేలెడంత పిట్టలు వస్తాయి, అంతే.

మీ నలభై వేలకు సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లెన్సు మార్చుకోగల కెమెరా), 55–250 లేదా 70–300 ఎంఎం జూమ్ లెన్సు వెతకండి. డబ్బు చేతిలో పెట్టేముందు ఈ పరీక్షలు చేయాలి. బిల్లు మీది సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటేనా చూడండి. అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ పక్క అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్/16 పెట్టి తెల్లగోడను ఫోకస్ లేకుండా మసకగా తీయండి. నల్లచుక్కలు కనిపిస్తే దుమ్ము, అది శుభ్రమవుతుంది. గీత కనిపిస్తే మాత్రం వదిలేయండి. లెన్సు రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. రెండు మూడు ధూళి రేణువులు ఉన్నా ఫర్వాలేదు. సాలెగూడులాంటి సన్నని దారాలు కనిపిస్తే అది ఫంగస్, బేరమే వద్దు. గోడకు న్యూస్‌పేపర్ అంటించి, లెన్సును పూర్తిగా జూమ్ చేసి, ఎదురుగా నిలబడి తీయండి. నాలుగు మూలలూ పెద్దది చేసి చూసినప్పుడు ఒక పక్క మాత్రమే అలికినట్టుంటే ఆ లెన్సు ఎప్పుడో కిందపడిందని అనుమానించాలి. దగ్గరి వస్తువు మీద ఒకసారి, దూరపు వస్తువు మీద ఒకసారి, అలా పదిసార్లు ఫోకస్ చేయించండి. ఒక్కసారైనా తడబడి ఆగిపోతే కారణం తేలాలి. షట్టర్ కౌంట్, అంటే ఆ కెమెరా ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో, అడగండి. చిన్న డీఎస్ఎల్ఆర్‌ల షట్టర్‌కు లక్ష వరకు ఆయుష్షు అని లెక్క వేసుకుంటారు. కౌంట్ ఇరవై ముప్పై వేలలోపు ఉంటే మంచి కొనుగోలు. బ్యాటరీ ఉబ్బి, తీసేటప్పుడు ఇరుక్కుంటుంటే కొత్తదాని ధర బేరంలో తగ్గించుకోండి.

నికాన్ కొనేవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. డీ3000, డీ5000 వరుస కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా దొరికే పాత ఏఎఫ్-డి లెన్సులు వీటికి బిగుస్తాయి గానీ ఆటోఫోకస్ పనిచేయదు. ఏఎఫ్-పి లెన్సులతో డీ3100, డీ5100లకూ ఇదే ఇబ్బంది. కాబట్టి కెమెరాను, లెన్సును వేర్వేరు చోట్ల కొనేటప్పుడు బిగించి, పనిచేయించి చూసే కొనాలి. చవకైన 500 ఎంఎం మిర్రర్ లెన్సులు, రెండింతలు పెంచే కన్వర్టర్లు మీ అబ్బాయి కంట్లో పడే ఉంటాయి. మొదటిదానికి ఆటోఫోకస్ ఉండదు. రెండోది ఎఫ్/5.6 లెన్సును ఎఫ్/11 చేస్తుంది, అంత తక్కువ వెలుతురులో ఇలాంటి డీఎస్ఎల్ఆర్‌లు ఫోకస్ పట్టలేవు.

వెయ్యి రూపాయల ట్రైపాడ్ కొనకండి, గాలికే ఊగుతుంది. పాత జీన్స్ ప్యాంటు కాలు 35 సెంటీమీటర్లు కత్తిరించి, ఒక చివర కుట్టేసి, రెండో చివర జిప్ పెట్టండి. రెండు కిలోల సజ్జలు గానీ జొన్నలు గానీ పోయండి. బిగుతుగా నింపితే లెన్సు దొర్లిపోతుంది. మూడు వంతులే నింపితే మధ్యలో గుంటపడి లెన్సు కుదురుగా కూర్చుంటుంది. గట్టు మీదా, కారు కిటికీ మీదా, గోడ మీదా ఈ సంచి ట్రైపాడ్ కంటే బాగా ఉపయోగపడుతుంది. తడిస్తే గింజలు ముక్కిపోతాయి, అప్పుడు మార్చేయండి.

ప్రశ్న: ప్రతి ఆదివారం టిఫిన్ చేశాక పది గంటలకల్లా మా వాణ్ని అమీన్‌పూర్ చెరువుకు తీసుకెళ్తున్నాను. సగం ఫొటోలు అలికినట్టు వస్తున్నాయి. తెల్లకొంగలైతే సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలే. కెమెరాలో లోపమా?
– ఓ తండ్రి, సంగారెడ్డి

జవాబు: లోపం టిఫిన్ వేళలో ఉంది. పది గంటలకల్లా నేల, నీళ్ల అంచు వేడెక్కి గాలి అలలుగా లేస్తుంది. దూరాన ఉన్న పక్షిని ఆ గాలిలోంచి తీస్తే ఎంత ఖరీదైన లెన్సయినా ఈకల గీతలు చూపించలేదు. ట్రైపాడ్ పెట్టినా, షట్టర్ స్పీడు పెంచినా ఇది పోదు. సూర్యుడు లేచేసరికి చెరువు దగ్గర ఉండండి, ఎనిమిదిన్నరకు సర్దేయండి. టిఫిన్ డబ్బాలో పెట్టుకెళ్లండి.

పొద్దున తీసినా అలికినట్టు వస్తే, ఏది అలికిందో చూడండి. పక్షితోపాటు గడ్డి, రాళ్లు అన్నీ ఒకే వైపు సాగినట్టుంటే చేయి కదిలింది. పక్షి వెనకున్న గడ్డి స్పష్టంగా ఉండి పక్షి మసకగా ఉంటే ఫోకస్ తప్పింది. రెక్కలు, ముక్కు మాత్రమే చెదిరితే షట్టర్ స్పీడు చాలలేదు. ఈ మూడూ విడివిడిగా గుర్తుపట్టడం వస్తే మీ వాడు సగం దూరం వచ్చినట్టే.

మొదటి ఆరు నెలలు ఒకే పద్ధతి పెట్టుకోమనండి. డయల్‌ను నికాన్‌లో ఎస్ దగ్గర, కెనాన్‌లో టీవీ (Tv) దగ్గర ఉంచాలి, అప్పుడు షట్టర్ స్పీడు మనం పెడితే మిగతాది కెమెరా చూసుకుంటుంది. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) ఆటో, గరిష్ఠం 3200. నడిచే, మేసే పక్షికి షట్టర్ 1/1000 సెకను. ఎగిరేదానికి 1/2000. కదలకుండా కూర్చున్నదానికి 1/400 దాకా దిగొచ్చు.  ఫోకస్ నికాన్‌లో ఏఎఫ్-సి, కెనాన్‌లో ఏఐ సర్వో, ఇవి కదిలేదాన్ని వెంటాడతాయి. అన్ని ఫోకస్ పాయింట్లూ కెమెరాకు వదిలేస్తే ముందున్న తుంగను పట్టుకుంటుంది. మధ్య పాయింటు ఒక్కటే ఉంచి, దాన్ని పక్షి కంటి మీద పెట్టాలి.

ఇక తెల్లకొంగ. చుట్టూ ముదురు రంగు నీళ్లుంటే కెమెరా ఆ చీకటిని చూసి మొత్తం ఫొటోను వెలిగించేస్తుంది, కొంగ మాడిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే అమరిక) మైనస్ 1కి తెచ్చి తీసి, ఈకలు విడిగా కనిపిస్తున్నాయో లేదో స్క్రీన్ మీద పెద్దది చేసి చూడాలి. ఆకాశంలో గద్దకు దీనికి తలకిందులు, ప్లస్ 1. వెంటనే సున్నాకు తేవడం మరిచిపోవడం అందరూ చేసే పొరపాటే.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. తెల్లవారుజామున అయిదున్నరకే చెరువుల వైపు వెళ్తానంటుంది. ఒంటరిగా పంపాలంటే భయం. ఆపితే రెండు రోజులు మాట్లాడదు. ప్రతిసారీ వెంట వెళ్లే తీరిక మాకు లేదు.
– ఓ తల్లి, కైకలూరు

జవాబు: ఒంటరిగా పంపకండి. అమ్మాయి కనుక అని కాదు, అబ్బాయికైనా ఇదే మాట. కంటికి కెమెరా ఆనించుకున్న మనిషికి కాళ్ల కింద ఏముందో తెలియదు, పక్కన మరో జత కళ్లుండాలి. వారానికి ఒక్క ఉదయం అని ఒప్పందం చేసుకోండి. అమ్మ, నాన్న, మేనమామ, స్నేహితురాలి అన్నయ్య, ఎవరో ఒకరు వంతులవారీగా వెళ్లొచ్చు. మొదట కొల్లేరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రం మంచిది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ దగ్గరగా కనిపిస్తాయి, మనుషుల రాకపోకలూ ఉంటాయి.

ప్రైవేటు చేపల చెరువుల దగ్గరికైతే మొదటిసారి మీరే వెళ్లి యజమానితో, కాపలాదారుతో మాట్లాడండి. చేపలు తినే కొంగలంటే వాళ్లకు నష్టం. కెమెరాతో వచ్చిన అపరిచితులను చూస్తే అనుమానం సహజం. తీసిన ఫొటోలు ఫోన్‌లో చూపిస్తే రెండోసారికి వాళ్లే "అమ్మాయ్, ఆ మూల చూడు" అంటారు. ఏరేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలకు) వెళ్లే కరెంటు తీగలు గట్ల మీద, నీళ్ల అంచున పడి ఉంటాయి. అతుకులు వేసిన తీగ దరిదాపుల్లోకి వెళ్లకూడదని గట్టిగా చెప్పండి. వాన పడ్డాక గట్టు అంచు జారుతుంది. ఫొటో కోసం నీళ్లలో దిగడం పూర్తిగా నిషేధం. చెప్పులు వద్దు, చీలమండ దాటే బూట్లు, పొడుగు ప్యాంటు. గడ్డిలో నడిచేముందు కర్రతో నేలను తట్టాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టు బిగించడం వద్దు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి.

నడిచేటప్పుడు కెమెరా మెడలోనే, ఆగాకే కంటికి. ఈ ఒక్క అలవాటు పడితే చాలా ప్రమాదాలు తప్పుతాయి.

ప్రశ్న: నాకు 15 ఏళ్లు. మా పొలం పక్కన తీతువు నేల మీద గుడ్లు పెట్టింది. ఈతచెట్టుకు గిజిగాడి గూళ్లూ ఉన్నాయి. అడ్డొచ్చే కొమ్మలు కొంచెం వంచితే మంచి ఫొటో వస్తుందని మా సీనియర్ అన్నాడు. నాన్న వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఓ విద్యార్థి, కొవ్వూరు

జవాబు: మీ నాన్నగారి మాటే విను బాబూ. ఎందుకో తెలిస్తే నీకే అర్థమవుతుంది.

తీతువు గుడ్లు రాళ్ల మధ్య రాళ్లలా ఉంటాయి. వాటికి ఉన్న రక్షణ అదొక్కటే. నువ్వు దగ్గరికెళ్తే తల్లి లేచి అరుస్తూ తిరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం గుడ్ల మీద నీడ లేకపోతే లోపలి పిల్ల ఆ వేడికి చచ్చిపోతుంది. కాకి తెలివైనది, మనిషి ఎక్కడ ఆగాడో, ఏ పక్షి ఎక్కడ గోల చేసిందో చూసి తర్వాత అక్కడికి వస్తుంది. కొమ్మ వంచితే జరిగేదీ అదే. గూటి మీది ఆకుల తెర నీకు అడ్డు, పిల్లలకు గొడుగు. దాన్ని మళ్లీ సరిచేసి వచ్చినా వంగిన కొమ్మ వాడిపోతుంది.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం ఉంది. తుపాకీ పట్టుకోకపోయినా అది వేటే.

గిజిగాడిని తియ్యి, దూరం నుంచి. వానాకాలంలో మగపక్షి వరి ఆకునో గడ్డినో నిలువుగా చీల్చి, పొడుగాటి పోగు నోట కరుచుకుని ఎగురుతుంది. గూడు సగం కట్టాక, ఇంకా లోపలికి వెళ్లే గొట్టం వేలాడదీయకముందు, ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది. నచ్చకపోతే వెళ్లిపోతుంది. మగది రెక్కలు కొట్టుకుంటూ గూటికి వేలాడుతుంది. ఇది తీయడానికి ఏ కొమ్మా వంచనక్కర్లేదు. పోగు కోసం అవి వాలే పొలం గట్టు దగ్గర కూర్చో, 1/2000 పెట్టుకో. పక్షి నిన్ను చూసి అరిచినా, నోట్లో పోగుతో గూటికి వెళ్లకుండా పక్కనే తచ్చాడినా నువ్వు మరీ దగ్గరగా ఉన్నట్టు లెక్క. పదడుగులు వెనక్కి వెయ్యి, మళ్లీ చూడు.

ఫోన్‌లో పక్షి కూత వినిపించి పిలవడం కూడా మానేయాలి. తన చోటులోకి మరో మగది వచ్చిందనుకుని మేత మానేసి కొట్లాటకు వస్తుంది. ఫొటో బయట పెట్టేటప్పుడు లొకేషన్ తీసెయ్యి. గుడ్లగూబ, నక్షత్ర తాబేలు లాంటివాటికి దొంగ కొనుగోలుదారులు ఉన్నారు.

ప్రశ్న: మా వాడి పుట్టినరోజుకు పులి సఫారీకి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఫొటోలు బాగా వస్తాయా?
– ఓ తండ్రి, మహబూబ్‌నగర్

జవాబు: నల్లమలను చూపించడానికైతే తప్పక తీసుకెళ్లండి. ఫొటోల కోసమే అయితే మీ వాడు నిరాశపడొచ్చు. పులి కనిపిస్తుందన్న హామీ లేదు, కనిపించినా కదిలే బండిలోంచి చెట్ల చాటున క్షణకాలం. అదే డబ్బుతో జనవరిలో సూళ్లూరుపేటలో రెండు రాత్రులు ఉండండి. నేలపట్టు పక్షుల కేంద్రంలో, నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతుంటాయి. పక్కనే పులికాట్ సరస్సులో రాజహంసలు. పెద్ద పక్షులు, నెమ్మదైన కదలికలు, గంటల తరబడి కళ్లముందే. చిన్న లెన్సు చాలు. కెమెరాకు రుసుము ఉంటుంది, వెళ్లేముందు అటవీ శాఖ వాళ్లను అడగండి. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి.

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఏటా జరిపే వన్యప్రాణి ఫొటో పోటీలో 2018లో పదేళ్లలోపు విభాగం గెలిచింది పంజాబ్ పిల్లవాడు. కపుర్తలా దగ్గర పాత గొట్టంలోంచి తొంగిచూస్తున్న రెండు గుడ్లగూబలను, సగం దించిన కారు కిటికీ మీద నాన్న కెమెరా ఆనించి తీశాడు. 2023లో అదే విభాగంలో బెంగళూరు పిల్లవాడు. అతను తీసింది నల్లూరు చింతతోపులోని పాత గుడి గోడ మీది సాలీడును. రెండింటిలోనూ పులి లేదు.

ప్రశ్న: మా వాడు ఇంటర్‌లో చేరబోతున్నాడు. ఈ పిచ్చితో చదువు పోతుందేమోనని భయం. దీంతో బతకగలడా?
– ఓ తండ్రి, వరంగల్

జవాబు: అడవి ఫొటోల మీదే ఇల్లు గడిచేవాళ్లు చాలా కొద్దిమంది. ఆ సంగతి అబ్బాయికి ఇప్పుడే చెప్పండి, కానీ కెమెరా లాక్కోకండి. చదువు సమయాన్ని తినేసేది గట్టు మీద గడిపే మూడు గంటలు కాదు. ఇంటికి తెచ్చిన ఎనిమిది వందల ఫొటోలు. మీట నొక్కి పట్టుకోకుండా మూడు నాలుగు ఫ్రేములకే ఆపడం, ఆ సాయంత్రమే ఇరవైకి తగ్గించడం, చివరికి అయిదు ఉంచుకోవడం నియమం చేయండి. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక్కో రా ఫైలు (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫొటో) పాతిక ముప్పై ఎంబీ ఉంటుంది. ఉంచుకున్నవి రెండు వేర్వేరు డిస్కుల్లో భద్రపరచాలి.

ప్రతి ఫొటోకు తేదీ, వేళ, చోటు, ఆ పక్షి ఏం చేస్తోంది అన్నది ఒక వాక్యం రాయించండి. చూసిన పక్షుల జాబితా పక్షుల వివరాలు నమోదుచేసే ఈబర్డ్ సైట్‌లో ఎక్కించమనండి. ఏటా ఫిబ్రవరిలో జరిగే పక్షుల లెక్కింపు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో ఎవరైనా పాల్గొనవచ్చు. ఈ రాత అలవాటైతే తిరుపతిలోని సైన్సు విద్యాసంస్థ ఐసర్‌లో బీఎస్-ఎంఎస్, ఆ తర్వాత డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో పీజీ లాంటి దారులు అతనికి వాటంతటవే ఆసక్తిగా కనిపిస్తాయి. ఐసర్‌కు ఎంపీసీ వాళ్లూ బైపీసీ వాళ్లూ ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ఫొటోగ్రఫీయే చదవాలంటే హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ డిగ్రీ ఉంది.

పోటీల విషయంలో ఒక హెచ్చరిక. "మీ ఫొటో ఎంపికైంది, పుస్తకంలో వేయడానికి ఇంత కట్టండి" అన్న మెయిల్ వస్తే కట్టకండి. నిబంధనల్లో ఫొటో హక్కులన్నీ నిర్వాహకులవే అని ఉంటే పంపకండి. మంచి పోటీలు తుదిదశలో రా ఫైలు అడుగుతాయి, కాబట్టి మొదటి నుంచీ రాలో తీయడం మేలు.

ప్రశ్న: మనవడి లెన్సులో తెల్లటి దారాల్లాంటివి కనిపిస్తున్నాయి. బీరువాలో బట్టల మధ్య భద్రంగానే పెట్టాం. సముద్రం కిలోమీటరు దూరం.
– ఓ తాతగారు, భీమునిపట్నం

జవాబు: తాతగారూ, అది ఫంగస్. బట్టలు తేమను పట్టి ఉంచుతాయి, చీకటి దానికి తోడైంది. వెంటనే సర్వీసు సెంటరుకు ఇవ్వండి. ఆలస్యమైతే గాజు మీది పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు.

ఇకమీదట గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ 200 గ్రాములు, చిన్న తేమ మీటరు పెట్టండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. మరీ 30 కంటే తగ్గితే రబ్బరు, గ్రీజు ఎండిపోతాయి. నీలం జెల్ గులాబీ రంగుకు తిరిగితే పని అయిపోయినట్టు, వేడిచేసి మళ్లీ వాడొచ్చు. ఆ నీలం రంగులో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కనుక వంటపాత్రలో వేయించకండి. నారింజ రంగు జెల్ దొరికితే అదే తీసుకోండి. కలరా ఉండలు డబ్బాలో వేయకండి, వాటి ఆవిరి గాజు మీద పేరుకుంటుంది. ఏసీ గదిలోంచి బయటికి తీసుకెళ్లేటప్పుడు సంచి జిప్ అరగంట తెరవకూడదు, లేకపోతే లెన్సు మీద మంచులా నీరు పడుతుంది. ఫంగస్ పట్టిన లెన్సు బాగై వచ్చేదాకా మిగతావాటితో ఒకే డబ్బాలో ఉంచకండి.